ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో నెట్‌వర్క్ సెక్యూరిటీ మాస్టర్స్ చేద్దామనుకుంటున్నారా? ల్యాబ్ చూడకుండా ఫీజు కట్టకండి

ముందే చెప్పేస్తాను, నేను చేరిన యూనివర్సిటీ నకిలీది కాదు. గుర్తింపు ఉంది, ఇచ్చేది నిజమైన డిగ్రీయే. నకిలీవాటి గురించి అందరూ హెచ్చరిస్తారు. గుర్తింపు ఉన్నచోట కూడా ఎలా ఇరుక్కుపోతామో చెప్పేవాళ్లు తక్కువ. ఇరుక్కున్నాను కాబట్టి రాస్తున్నాను.

నెట్‌వర్క్ ఇంజినీరుగా నాకు ఏడేళ్లు. రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్ రూల్స్, నెలలో ఒక వారం ఆన్‌కాల్, అంటే ఏ టైములో సమస్య వచ్చినా ఫోన్ ఎత్తాలి. సెక్యూరిటీ వైపు మారాలంటే మాస్టర్స్ ఉంటే మంచిదనిపించి రెండేళ్ల ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఎంచుకున్నాను. లైవ్ క్లాసులు, 24 గంటలూ ల్యాబ్, ఉద్యోగస్తుల కోసమే తయారుచేసిన కోర్సు, వారానికి 8 గంటలు కేటాయిస్తే చాలు అని బ్రోషర్‌లో ఉంది. కౌన్సెలర్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేది. "ఈ బ్యాచ్‌లో ఇంక మూడు సీట్లే ఉన్నాయండీ" అనేది. సగానికి పైగా రికార్డింగులతో నడిచే కోర్సులో సీట్లు ఎలా అయిపోతాయని అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

అసలు మెలిక ఫీజు వాపసులో ఉంది. చేరిన 14 రోజుల్లోపు మానేస్తే మొత్తం డబ్బు తిరిగిస్తామని రాసుంది. చదివి ధైర్యం తెచ్చుకున్నాను. మొదటి రెండు వారాలు ఓరియెంటేషన్: లైబ్రరీ ఎలా వాడాలి, కాపీ కొడితే ఏమవుతుంది, మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి. ల్యాబ్ లాగిన్ వచ్చింది సరిగ్గా 15వ రోజు. కావాలనే అలా పెట్టారో లేదో తెలీదు, నా డబ్బు మాత్రం ఆ ఒక్క రోజు తేడాతో పోయింది.

ల్యాబ్ అంటే వాళ్లిచ్చే వర్చువల్ మెషీన్ ఇమేజ్, మన కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ఫైలు. డౌన్‌లోడ్ చేసుకుని, అందులోంచి వాళ్ల వీపీఎన్‌కి (వాళ్ల నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే సురక్షిత దారి) కనెక్టయి, దాడి ప్రాక్టీసు కోసం పెట్టిన టార్గెట్ మెషీన్ల మీద పనిచేయాలి. మొదటిసారి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద లాగిన్ అడిగింది. ల్యాబ్ షీటులో ఉన్నట్టే యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ టూర్ అని కొట్టాను, తర్వాత డెస్క్‌టాప్ తెరిచే స్టార్ట్‌ఎక్స్ కమాండ్. డ్రాగన్ బొమ్మ వచ్చింది. బ్యాక్‌ట్రాక్! హ్యాకింగ్ టూల్స్ అన్నీ ఒకచోట పెట్టిన పాత లినక్స్ అది. దాన్ని ఆపేసి దాని స్థానంలో కాలీ లినక్స్ తెచ్చింది 2013 మార్చిలో. ఫీల్డులో ఉన్నవాళ్లకి ఇక్కడే నవ్వొస్తుంది. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది.

మొదటి ఎక్సర్‌సైజు వైఫైకి మొదట్లో వాడిన వెప్ అనే రక్షణ పద్ధతి పాస్‌వర్డ్ బద్దలుకొట్టడం. వెప్‌లో లోపం ఎక్కడుందో 2001లోనే బయటపడింది. అది ఎందుకు విరిగిందో నేర్చుకోవడం మంచిదే, చరిత్ర తెలియాలి. కానీ వైర్‌లెస్ సబ్జెక్టులో చేతులతో చేసే ల్యాబ్ అదొక్కటే. వైఫైకి కొత్త రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ3 గురించి ఒకే ఒక్క స్లైడు.

వెబ్‌సైట్లతో మన ట్రాఫిక్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ సంగతి ఇంకా విచిత్రం. రికార్డు చేసిన నెట్‌వర్క్ ట్రాఫిక్ ఉన్న ఒక ప్యాకెట్ క్యాప్చర్ ఫైలు, దానితో పాటు సర్వర్ ప్రైవేట్ కీ ఇచ్చారు. కీని ట్రాఫిక్ విప్పి చూపించే వైర్‌షార్క్‌లో పెడితే ట్రాఫిక్ అంతా తెరుచుకుంటుంది, చూసి జవాబులు రాయాలి. తెరుచుకుంది కూడా. కానీ ఆ పద్ధతి పనిచేసేది సెషన్ రహస్యాన్ని సర్వర్ పబ్లిక్ కీతో లాక్ చేసి పంపే పాత ఆర్‌ఎస్‌ఏ కీ ఎక్స్చేంజ్ వాడినప్పుడే. 2018 ఆగస్టులో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు సర్వర్ కీ చేతిలో ఉన్నా లాభం లేదు, సెషన్ కీల లాగ్ ఫైలు ఉండాలి. ఆఫీసులో ఆ నెలలోనే ఒక టికెట్ కోసం నేను చేసిన పని అది. ఇదే విషయం డిస్కషన్‌లో అడిగాను. ఐదు రోజుల తర్వాత "మంచి ప్రశ్న! మాడ్యూల్ 4 చూడండి" అని జవాబొచ్చింది. నేను అడిగిందే మాడ్యూల్ 4 గురించి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. క్రిప్టోగ్రఫీ చెప్పిన ఆయన నిజంగా మంచి టీచర్. ఆదివారం లైవ్ క్లాసు పెట్టి, ప్రశ్నలు అయిపోయేదాకా కూర్చునేవారు. ప్యాడింగ్ ఒరాకిల్ దాడికి (సర్వర్ ఇచ్చే ఎర్రర్లు చూసి ఎన్‌క్రిప్షన్ విప్పడం) మా చేతే కోడ్ రాయించారు. ఐదు సబ్జెక్టుల్లో అలాంటివారు ఒక్కరే దొరికారు.

ఇక ఉద్యోగంతో కుదరడం. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, దాచను. నా సొంత ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్. రెండు వర్చువల్ మెషీన్లు నడిపితే మౌస్ కూడా కదిలేది కాదు. ఒక రాత్రి ఆఫీసు ల్యాప్‌టాప్ తీశాను, నెట్‌వర్క్‌లని కంప్యూటర్లోనే కట్టి చూసుకునే జీఎన్ఎస్3 కోసం అందులో వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ముందే ఉంది. ల్యాబ్ టార్గెట్లన్నీ 10తో మొదలయ్యే ఐపీ అడ్రస్‌లు. మా ఆఫీసు నెట్‌వర్క్ కూడా అంతే. మధ్యలో ల్యాబ్ వీపీఎన్ తెగిపోయింది, నేను గమనించలేదు. వర్చువల్ మెషీన్ బయట, అసలు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ ఆన్‌లోనే ఉంది. ఏ పోర్టులు తెరిచున్నాయో వెతికే ఎన్‌మ్యాప్ కొట్టాను. ట్రాఫిక్ ల్యాబ్‌కి పోలేదు, నేరుగా మా ఆఫీసులోకి పోయింది. పావుగంటలో సాక్ టీం (ఆఫీసు సెక్యూరిటీ మీద కన్నేసి ఉంచేవాళ్లు) నుంచి ఫోన్. "ఏంటి గురూ, నీ మెషీన్ నుంచి ఫైనాన్స్ సర్వర్ల మీద పోర్ట్ స్కాన్ వస్తోంది, మాల్వేర్ ఏమైనా ఎక్కిందా?" మర్నాడు మేనేజర్‌కి రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకున్నాను. ఉద్యోగం పోలేదు, పరువు కొంచెం పోయింది. దయచేసి ల్యాబ్ పనికి ఆఫీసు మెషీన్ ముట్టుకోకండి. ఉద్యోగస్తుల కోసమే చేసిన కోర్సు అన్నారు కదా, ల్యాబ్ షీటులో దీని గురించి ఒక్క లైను హెచ్చరిక లేదు.

పరీక్షల్లో కెమెరా ముందు గదంతా చూపించాలి, ఫోన్ గది బయట పెట్టాలి, మధ్యలో లేవకూడదు. ఆన్‌కాల్‌లో ఉన్నవాడు మూడు గంటలు ఫోన్ లేకుండా ఎలా ఉంటాడు? స్లాట్ రెండు రోజుల ముందు చెబుతారు, అది కూడా వాళ్ల టైమ్ జోన్‌లో. రెండుసార్లు తోటి ఇంజినీర్ని బతిమాలి షిఫ్ట్ మార్చుకున్నాను. మూడోసారి అడగడానికి నాకే మొహం చెల్లలేదు. 8 గంటలన్న చోట నాకు వారానికి 15 గంటలు పట్టింది.

సర్టిఫికేషన్ల గురించి కూడా జాగ్రత్త. ఈ డిగ్రీ అయితే సెక్యూరిటీలో పేరున్న సీఐఎస్ఎస్‌పీ సర్టిఫికేషన్ దాదాపు చేతికొచ్చినట్టే అన్నట్టు మాట్లాడింది కౌన్సెలర్. దానికి ఎనిమిది డొమైన్లలో (సెక్యూరిటీ విభాగాల్లో) కనీసం రెండింట్లో కలిపి ఐదేళ్ల ఉద్యోగానుభవం కావాలి. సంబంధిత డిగ్రీ ఉంటే తగ్గేది ఒక్క ఏడాదే. కంప్యూటర్స్‌లో బ్యాచిలర్స్ ఉన్నవాళ్లకి ఆ ఏడాది ఎలాగూ తగ్గుతుంది. మాస్టర్స్ చేశారని ఇంకో ఏడాది తగ్గదు.

నేను అడగాల్సింది, మీరు అడగాల్సింది చాలా సింపుల్. ఏదో ఒక వారం ల్యాబ్ షీటు, ఇమేజ్ పేరుతో సహా, పంపమనండి. సిలబస్ పీడీఎఫ్ కాదు, అందులో పేర్లు అందరూ అందంగానే రాస్తారు. ల్యాబ్ ఏ రోజు తెరుస్తారు, ఫీజు వాపసు గడువు ఏ రోజు ముగుస్తుంది, ఈ రెండు తేదీలూ మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. సర్టిఫికెట్ మీద ఏ పేరు ఉంటుందో, అది మాస్టర్స్ డిగ్రీనో లేక అలా వినిపించే ఇంకేదో ప్రోగ్రామో చూసుకోండి. గుర్తింపును వాళ్ల వెబ్‌సైట్లో కాదు, గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో వెతకండి. పాఠం చెప్పేది యూనివర్సిటీ వాళ్లా, వాళ్లు కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీయా? పనెక్కువైతే ఒక టర్మ్ ఆపుకోవచ్చా, దానికి మళ్లీ ఫీజా? మీ కంపెనీ ఫీజు భరిస్తానంటే మధ్యలో మానేసినా, ఉద్యోగం మారినా ఎంత తిరిగి కట్టాలో ముందే చదవండి. ప్రస్తుతం చదువుతున్నవాళ్లతో మాట్లాడండి, కాకపోతే కౌన్సెలర్ కలిపించేవాళ్లతో కాదు. నాతో మాట్లాడించిన అబ్బాయి ల్యాబ్ సూపర్ అన్నాడు. తర్వాత తెలిసింది, ఒకరిని చేర్పిస్తే అతనికి ఫీజులో తగ్గింపు.

రెండు టర్ములు అయ్యాక ఆపేశాను. ఇంకో యూనివర్సిటీని క్రెడిట్లు తీసుకుంటారా అని అడిగితే, ఐదింట్లో రెండే ఒప్పుకున్నారు. క్రిప్టోగ్రఫీ మొదటి చూపులోనే ఓకే అయింది. వైర్‌లెస్ సబ్జెక్టు మాత్రం మొదటినుంచీ మళ్లీ చదవాలన్నారు. ఈసారి ల్యాబ్ షీటు పంపాకే మాట్లాడదామన్నాను. నాలుగు రోజుల్లో పంపారు, మొదటి ల్యాబే వెప్ తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ2 హ్యాండ్‌షేక్‌తో (ఫోన్, రౌటర్ కనెక్టయ్యేటప్పుడు మార్చుకునే సందేశాలు) మొదలైంది. పరీక్ష స్లాట్ల గురించి అడిగిన మెయిల్‌కి ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా డబ్బు కట్టను.