పెసరపప్పా, సెనగలా, మీల్‌మేకరా? ఆటగాళ్లకు ఏ పూట ఏది మేలు

తెల్లవారుజామున గ్రౌండ్‌కి వెళ్లే పిల్లలకు గుప్పెడు నానిన సెనగలు పెట్టడం మన దగ్గర పాత అలవాటు. సెనగలు మంచివే, తినే వేళే సరైంది కాదు.

100 గ్రాముల ఎండు గింజల్లో ప్రోటీన్ సెనగల్లో సుమారు 19 గ్రాములు, పెసరపప్పులో 24, మీల్‌మేకర్‌లో 50 దాకా. ఆటకు ముందు మాత్రం చూడాల్సింది పీచుని. పొట్టుతో ఉన్న సెనగల్లో అది 25 గ్రాముల దాకా ఉంటే, పొట్టు తీసిన పెసరపప్పులో 10 లోపే. పైగా సెనగల్లోని రాఫినోజ్ జాతి చక్కెరలను మన చిన్నపేగు అరిగించుకోలేదు. అవి పెద్దపేగులోకి చేరి పులిసి గ్యాస్ అవుతాయి. స్ప్రింట్ల మధ్యలో పొట్ట పట్టేయడానికి తరచూ కారణం ఇదే. కాబట్టి ప్రాక్టీసుకు రెండు మూడు గంటల ముందైతే పల్చటి పెసరపప్పు కట్టుపొంగలి మేలు, నెయ్యి ఒక చెంచా చాలు. ఉత్త అన్నం కంటే ఇలా పప్పు కలిపి తింటే రక్తంలో చక్కెర కాస్త నిలకడగా ఉంటుంది. పరుగు వేగం కూడా పెరుగుతుందా అంటే, పప్పుధాన్యాల మీద జరిగిన ప్రయోగాల్లో ఫలితాలు ఒక్క తీరుగా లేవు.

ప్రాక్టీసు అయ్యాక లెక్క మారుతుంది. 60 కిలోల ఆటగాడికి రోజుకు 84 నుంచి 120 గ్రాముల ప్రోటీన్, ఒక్కో పూటకు 20–25 గ్రాములు కావాలి. 25 గ్రాములు సెనగలతోనే రావాలంటే 130 గ్రాముల ఎండు గింజలు ఉడికించాలి, అంటే పెద్ద గిన్నెడు. ఎవరు తింటారు? మీల్‌మేకరైతే 50 గ్రాములు చాలు. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయాలి. పిండకపోతే పచ్చివాసన పోదు, కూరకు ఉప్పూకారం పట్టదు. మీల్‌మేకర్ సోయాతో చేసేదే కాబట్టి మగపిల్లలకు హార్మోన్లు పాడవుతాయన్న భయం మామూలు మోతాదులో అక్కర్లేదు. సోయా వద్దనుకుంటే 50 గ్రాముల పెసరపప్పుకి రెండు కోడిగుడ్లు జోడిస్తే దాదాపు అంతే వస్తుంది.

మరి సెనగలు ఎప్పుడు? సాయంత్రం ప్రాక్టీసు ముగిశాక, లేదా విశ్రాంతి రోజున. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించి గుగ్గిళ్లు చేసుకోవాలి. పైన నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటపడుతుంది, ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. వెంటనే టీ తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది, గంట ఆగండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి వారం 30 గ్రాముల ఎండు గింజలు దాటకూడదు. మొలకలైతే పచ్చివి కాకుండా ఐదారు నిమిషాలు ఆవిరి పట్టి తినాలి, మొలకెత్తే తడిలో బాక్టీరియా కూడా పెరుగుతుంది.

బలానికని ఉలవచారు తాగేవాళ్లూ ఉన్నారు. రుచికి తాగండి. ప్రోటీన్ ఎక్కువగా ఉండిపోయేది గింజలోనే. కట్టు మనం తాగి ఉడికిన ఉలవలు ఎడ్లకు పెట్టిన పాత పంపకంలో బాగుపడింది ఎడ్లే.