ఫస్ట్ టైం రక్తం ఇచ్చేటోళ్లకు ముందు నీళ్ల బాటిలా, తర్వాత జ్యూస్ డబ్బానా? ఏది మేలు?

మా దిక్కు ఏ బ్లడ్ క్యాంపుకు పోయినా సీన్ ఒక్కటే ఉంటది. టేబుల్ మీద జ్యూస్ డబ్బాలు, అరటిపండ్లు, గ్లూకోజ్ బిస్కెట్లు, పక్కన సర్టిఫికెట్ల కట్ట, ఇవన్నీ రక్తం ఇచ్చినంక ఇచ్చేటియి. ఇయ్యకముందు ఏమిస్తరంటే ఒక ఫారం, ఒక పెన్ను, ఆ పెన్ను గూడ మళ్ల వాపస్ అడుగుతరు. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ క్యాంపులల్ల వాలంటీర్‌గ కొన్నేండ్ల సంది తిరుగుతున్న, నాకైతే మనం ఉల్టా చేస్తున్నం అనిపిస్తది.

ఓ డిగ్రీ కాలేజీల క్యాంపు, మార్చి నెల, పైన రేకులు. ఒక చెల్లె వచ్చింది, 47 కిలోలు, ఫస్ట్ టైం, పొద్దున హాస్టల్ల టిఫిన్ చెయ్యలే కానీ చేసిన అని ఫారంల రాసింది. రక్తం మంచిగనే ఇచ్చింది, నవ్వుకుంట సెల్ఫీ గూడ దిగింది, జ్యూస్ డబ్బా మొత్తం తాగింది. సర్టిఫికెట్ లైన్ల నిలబడ్డది. రెండుసార్లు ఆవలించింది, పెదవులు తెల్లగైనయ్, "అన్నా, చెవుల్ల గుయ్యిమంటుంది" అన్నది, నేను మోచేయి పట్టేలోపు కూలబడ్డది. ఖాళీ డబ్బా ఇంకా చేతిలనే ఉంది, స్ట్రా తోటి సహా.

జ్యూస్ తాగినంక గూడ ఎందుకు పడ్డది మరి? ఎందుకంటే ఈ చక్కర్, అంటే కళ్లు తిరుగుడు, షుగర్ తగ్గి వచ్చేది కాదు. సూదంటే భయం ఒకటి, ఒంట్లకెళ్లి రక్తం తగ్గుడు ఒకటి, రెండు కలిస్తే నరాలు గుండెను స్లో చేస్తయ్, కాళ్లల్ల రక్తనాళాలు వదులైతయ్, రక్తమంత కిందికే జారుతది, బీపీ దిగి మెదడుకు సరిపడ అందదు. పైంగ సన్నగున్నోళ్లకు లెక్కనే వేరు. 47 కిలోల మనిషి ఒంట్ల ఉండేది సుమారు మూడు లీటర్ల రక్తం, అందుల 350 ఎంఎల్ తీస్తే పదో వంతు కంటే ఎక్కువే పోయినట్టు. అదే 80 కిలోల అన్నకు ఆరు శాతం, ఆయనకు తెల్వను గూడ తెల్వదు. మన దగ్గర 45 కిలోలుంటే 350 తీసుకుంటరు కాబట్టి బార్డర్ మీదున్న ఆడపిల్లలే ఎక్కువ పరేషాన్ అయితరు.

అందుకే నా ఓటు నీళ్లకే. సూది పెట్టే అరగంట ముందట్నుంచి అర లీటరు మంచినీళ్లు తాగాలె, సిప్పు సిప్పు కాదు, కొంచెం గబగబ. నీళ్లు కడుపుల పడంగనే నరాలు రక్తనాళాలను కొంచెం బిగబడతయ్, బీపీ కాస్త లేస్తది, అరగంట టైంకు ఆ ఎఫెక్ట్ మంచి మీదుంటది. పొద్దున ఏడింటికి ఇంట్ల తాగిన నీళ్లు పదకొండింటికి పనికిరావు, చిన్న గ్లాసుల చాయ్ అయితే లెక్కలకే రాదు. ఫారంతో పాటే బాటిల్ చేతిల పెడితే లైన్ల నిలబడ్డంతసేపు తాగుతరు. దాంతో పాటు ఉప్పేసిన సల్ల, నాలుగు మురుకులు ఉంటే ఇంకా మంచిది, ఉప్పు నీళ్లను ఒంట్ల పట్టి ఉంచుతది (బీపీ ఉన్నోళ్లు ఉప్పు జోలికి పోవద్దు). జ్యూస్ వద్దంటలేను, తర్వాత తాగితే మంచిదే, దాన్నే మందు అనుకునుడు తప్పు.

ఇంకోటి, మగోళ్లం మనకు తట్టని ముచ్చట. ఆడపిల్లలు క్యాంపు రోజు కావాలనే నీళ్లు తాగరు, ఎందుకంటే కాలేజీ బాత్రూంలు ఎట్లుంటయో వాళ్లకు తెలుసు. నీళ్ల బాటిల్ పంచే ముందు బాత్రూం కడిగించాలె, ఇది రాసుకోండి.

రెండో పోటీ: ముచ్చట్ల పెట్టుడా, కాళ్లు బిగించుడా? మనోళ్లు పక్కన కూసొని "ఏ ఊరు తమ్మీ, ఏ గ్రూపు" అని మాట్లాడిస్తరు, భయపడేటోళ్లకు అది నిజంగ పనిచేస్తది, సూది దిక్కు చూడకుంట ఉంటరు. కానీ భయం లేకున్నా సన్నగున్నోడు పడ్తడు, వాడికి ముచ్చట ఏం చేస్తది? వాడికి కాళ్లే. తొడలు, పిర్రలు, పొట్ట గట్టిగ ఐదు సెకన్లు బిగించాలె, ఐదు సెకన్లు వదలాలె, మళ్ల బిగించాలె. ఊపిరి మాత్రం ఆపొద్దు, సూది ఉన్న చేయి వదులుగనే ఉండాలె. కాళ్లల్ల జారిన రక్తాన్ని కండలే పైకి తోస్తయ్. అసలు టైం ఎప్పుడంటే సూది తీసినంక, లేసే ముందు. చాలమంది పడేది రక్తం తీస్తున్నప్పుడు కాదు, లేసి నిలబడ్డంక. పది పదిహేను నిమిషాలు పండుకోవాలె, మెల్లగ కూసోవాలె, అప్పుడు దిగాలె. చక్కర్ వస్తున్నట్టు అనిపిస్తే కుర్చీల కూసోబెట్టి మొఖం మీద నీళ్లు కొట్టుడు కాదు, అక్కడ్నే పండబెట్టి కాళ్లు పైకెత్తాలె. గంట రెండు గంటలకు గూడ రావచ్చు, అందుకే ఆర్టీసీ బస్సుల సీటు లేకపోతే నిలబడి పోవద్దు, ఇంకో బస్సు చూసుకోవాలె.

ఇగ మళ్ల రప్పించుడు సంగతి. హెల్మెట్, టిఫిన్ బాక్స్, టీ షర్టు ఇస్తే ఆ రోజు లైన్ మంచిగుంటది, నేను గూడ పంచిన, కాదనను. కానీ ప్లేట్‌లెట్లు ఐదు రోజులు, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు, అంతకంటే ఎక్కువ దాచలేరు. తలసేమియా (పుట్టుకతోనే ఒంట్ల రక్తం సరిగ తయారు కాని జబ్బు) పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కియ్యాల్సిందే. ఎండాకాలం కాలేజీలు బందైతే క్యాంపులు గూడ బంద్. ఒక్కరోజు మూడొందల మంది వచ్చి పోవుడు కంటే అందుల యాభై మంది మళ్ల మళ్ల వచ్చుడు నయం. దానికి గిఫ్టు కంటే ఫోన్ మేలు. తెల్లారి ఒక ఫోన్, "ఎట్లున్నవ్ చెల్లె, చేయి నొస్తుందా?" అని. తర్వాత డేటు గుర్తు చేస్తూ ఇంకోటి, మళ్ల ఇయ్యాలంటే మగోళ్లు 90 రోజులు, ఆడోళ్లు 120 రోజులు ఆగాలె. పడిపోయినోళ్లకైతే ఫోన్ తప్పకుంట చెయ్యాలె, ఒక్కసారి పడ్డోళ్లు మళ్ల వచ్చుడు తక్కువ, సిగ్గుకు గూడ కొందరు రారు.

చక్కర్ రావచ్చని ముందే చెప్తే భయపడ్తరు, దాచుడే నయం అంటరు కొందరు. నేనైతే చెప్పుమంట, కానీ ఊకె భయపెట్టి ఇడిసిపెట్టుడు కాదు, నీళ్లు, కాళ్ల బిగింపు చేతికిచ్చి చెప్పాలె.

ఆ చెల్లెకు తెల్లారి ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది, "పోయిన నెత్తురు మళ్ల వస్తదా బిడ్డా?" అని ఒక్కటే అడిగింది. నీళ్ల భాగం రెండు రోజులల్ల వస్తదమ్మా, ఎర్రకణాలకు కొన్ని వారాలు పడ్తది, ఆకుకూరలు, గుడ్లు పెట్టు అన్న. ఆమె సరే అనలే, వద్దనలే. అక్టోబర్ 1 క్యాంపుకు ఆ పిల్లే వచ్చింది, చేతిల లీటర్ బాటిల్, సగం ఖాళీ. ఫారం నింపకముందే నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగింది, "అన్నా, బాత్రూం యాడుంది?"