తొమ్మిదేళ్లుగా వాయిస్తున్న 61 మెట్ల కీబోర్డు: నా అనుభవం

పాలకొల్లులో మా వీధి రామాలయం భజనకు చాలాకాలంగా హార్మోనియం వాయిస్తున్నాను. పాట వింటే స్వరాలు పట్టుకోగలను. కానీ సినిమా పాటలో గాయకుడి గొంతు వెనుక నిండుగా మోగేది ఏమిటో అంతుచిక్కేది కాదు. అది తెలుసుకోవాలనే 2016లో రాజమహేంద్రవరం వెళ్లి ఈ కీబోర్డు కొన్నాను. స నుంచి పై స దాకా ఒక స్థాయి అనుకుంటే ఐదు స్థాయిలు; 36 తెల్ల మెట్లు, 25 నల్ల మెట్లు.

మొదట తెలిసివచ్చింది కార్డు, అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు. గొంతు వెనుక నిండుగా మోగేది అదే. స, గ, ప కలిపి నొక్కితే మేజర్ కార్డు. అందులో గాంధారాన్ని ఒక్క మెట్టు దించితే మైనర్. ఈ మాట అంతకుముందే చదివాను, కానీ చెవికి ఎక్కలేదు. ఒక వానరాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎడమచేత్తో ఆ రెండూ మార్చి మార్చి వాయించాను. చిటికెన వేలు స మీద, బొటనవేలు ప మీద కదలకుండా ఉన్నాయి. మధ్యవేలు ఒక్కటే తెల్ల మెట్టు మీద నుంచి పక్కనున్న నల్ల మెట్టు మీదకు జరిగింది. పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా అయిపోయింది ఆ నాదం! ఆ రాత్రి ఎంతసేపు వాయించానో గుర్తులేదు.

తర్వాతివి త్వరగానే వచ్చాయి. స్కేల్ అంటే స్వరాల వరుస. శంకరాభరణం రాగం స్వరాలే మేజర్ స్కేల్, నటభైరవి రాగం స్వరాలే నేచురల్ మైనర్. మేజర్ స్కేల్‌లో స, మ, ప మీద మేజర్ కార్డులు, రి, గ, ద మీద మైనర్ కార్డులు పడతాయి. స, ప, ద, మ అనే వరుసలో నాలుగు కార్డులు వేసుకుంటే ఎన్నో పాటలకు తోడు వాయించవచ్చు. టెంపో అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలన్న లెక్క. 120 పెడితే దెబ్బకు అర సెకను.

వేళ్లు అవే మెట్ల మీద ఉండగానే శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ మీట విషయంలో మాత్రం జాగ్రత్త. ఒక సంక్రాంతికి గుడిలో పాడుతున్న పిన్నిగారు నాలుగు శ్రుతి అందడం లేదన్నారు. మీటను రెండు మెట్లు దించి, నాలుగు నుంచి మూడు మీదుగా రెండున్నరకు తెచ్చాను. తర్వాతి పాట మళ్లీ నాలుగుకే. మీట వెనక్కి తిప్పడం మరిచాను. పక్కన హార్మోనియం ఒక శ్రుతిలో, నేను మరో శ్రుతిలో. పాడే మనిషి మధ్యలో ఆగిపోయి నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటినుంచి ఆ మీట ముట్టలేదు. ఒక్కో శ్రుతిలో వేళ్లు ఎక్కడ పడాలో సాధన చేశాను. స్కేల్ అంటే ఏమిటో నిజంగా అర్థమైంది ఆ సాధనలోనే.

కీర్తనలకు ఇది సరిపోదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఇందులో పలకదు; పక్కనున్న చక్రం తిప్పితే స్వరం జారుతుందే తప్ప తోడి రాగంలో గాంధారం ఊగినట్టు ఊగదు. సినిమా పాటలకు ఏ లోటూ లేదు.

మా ఇల్లు కాలువ గట్టున. నాలుగో వర్షాకాలానికి మెట్ల కింద ఉండే రబ్బరు కాంటాక్టులకు చెమ్మ పట్టి, మధ్యస్థాయిలో రెండు స్వరాలు ఒకసారి గట్టిగా, ఒకసారి మూగగా పలికేవి. విప్పించి స్పిరిట్‌తో తుడిపిస్తే బాగుపడింది. ఇప్పుడు గుడ్డ కప్పి, లోపల సిలికా జెల్ పొట్లాలు పెడుతున్నాను. కరెంటు పోతే ఆరు బ్యాటరీలతో నడుస్తుంది.

మీరు పాతది కొనేటట్లయితే రిథమ్ ఆపించి, 61 మెట్లనూ ఒక్కొక్కటిగా ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కి చూడండి.