రెమింగ్టన్ 572: రెండోసారి కొన్నాక కుదిరిన పాత పంప్ రైఫిల్

కోటప్పకొండ తిరునాళ్ళలో బెలూన్ల కొట్టు కనపడితే మా నాన్న జేబులో చెయ్యి పెట్టాల్సిందే. బల్ల ఎత్తు అందక, ఆయన నన్ను నడుం దగ్గర పట్టుకుని పైకెత్తితే పేల్చేదాన్ని. ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడి జాతరల్లోనూ ఒకప్పుడు ఇలా గురిచూసి కొట్టే కొట్లు ఉండేవట. కానీ వాటిలో వాడినవి గాలి తుపాకులు కావు, నిజమైన తూటాలు పేల్చే 22 పంప్ రైఫిళ్ళు. 22 అంటే సన్న తూటా కొలత, పంప్ అంటే ముందు చెక్కని వెనక్కీ ముందుకీ ఆడిస్తూ పేల్చేది. ఆ సంగతి తెలిసిన రోజే అలాంటిది ఒకటి కొనాలని మనసులో పడింది.

మొదట కొన్నది ఒక తాకట్టు కొట్లో, 320 డాలర్లకి. పైకి కొత్తదానిలా మెరిసింది. కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజ్‌కి తీసుకెళ్తే మూడో తూటాకే ఖాళీ తొడుగు లోపల ఇరుక్కుపోయింది. పంప్ వెనక్కి రాదు. మా వారు లాగితే వచ్చింది గానీ, తర్వాతి తూటాకి మళ్ళీ అంతే. వెనక్కి తీసుకోమంటే, అమ్మిన సరుకు తీసుకోమన్నారు.

జబ్బు ఏంటో తుపాకులు బాగుచేసే పెద్దాయన లైటు వేసి చూపించారు. 22లో షార్ట్ అని పొట్టి తూటా ఉంటుంది. ఏళ్ళ తరబడి అవే పేలిస్తే, వాటి తొడుగు మూతి ఆగేచోట చేంబర్ (పేలేటప్పుడు తూటా కూర్చునే చోటు) లోపల చుట్టూ ఇనుము తినేసి ఉంగరంలా గాడి పడుతుంది. తర్వాత పొడుగుపాటి లాంగ్ రైఫిల్ తూటా పేలిస్తే, దాని తొడుగు ఆ గాడిలోకి ఉబ్బి పట్టేస్తుంది. అక్కడున్నది మసే అయితే బ్రష్షుతో పోతుంది. నాదాంట్లో పోలేదు.

రెండోసారి తొందరపడలేదు. తుపాకుల షాపులో రెమింగ్టన్ 572 ఫీల్డ్‌మాస్టర్ కనపడింది, 450 డాలర్లు. షాపాయన చేతికివ్వగానే చేంబర్ ఖాళీయేనని చూసుకుని, లోపల లైటు వేసి, తెల్లకాగితం అడ్డం పెట్టి చూశాను. గాడి లేదు. చేంబర్ అంచున గాటు కూడా లేదు. ఈ గాటు సంగతి కొనేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. 22 లాంటి రిమ్‌ఫైర్ తూటాకి నిప్పు అంటించే మందు అడుగు అంచులోనే ఉంటుంది, అందుకని పిన్ను అంచు మీదే కొడుతుంది. పాత రైఫిల్‌ని తూటా లేకుండా ఉత్తినే పేలుస్తూ ఉంటే ఆ దెబ్బ చేంబర్ అంచుకి తగిలి సొట్ట పడుతుంది. కాబట్టి షాపులో అడక్కుండా ట్రిగ్గర్ నొక్కకండి. తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టం మీద వేళ్ళు పెట్టి నిమిరి చూడండి. సొట్ట ఉంటే తూటాలు జారవు.

నాకు టెన్షన్ పుట్టించింది ఇంకోటి: సీరియల్ నంబర్ లేదు! దొంగసొత్తేమోనని గుండె జారింది. 1968 తుపాకుల చట్టం వచ్చేదాకా ఇలాంటి 22 రైఫిళ్ళకి నంబర్ వేయడం తప్పనిసరి కాదని షాపాయన చెప్పారు. బ్యారెల్ ఎడమవైపు చిన్న అక్షరాలు చూపించారు. మొదటి అక్షరం డబ్ల్యూ, అంటే ఆగస్టు. పట్టికలో చూసి సంవత్సరం 1962 అన్నారు. నాకన్నా పెద్దది.

తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన 4473 ఫారం నింపాను, ఎఫ్‌బీఐ తనిఖీ నిమిషాల్లో అయిపోయింది. నాకు పౌరసత్వం ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, గ్రీన్‌కార్డు వాళ్ళూ కొనొచ్చు. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళకి మాత్రం మామూలుగా కుదరదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, ముందు షాపులో అడగండి.

ఇక పనితనం. బరువు రెండున్నర కిలోలు. గొట్టంలో లాంగ్ రైఫిల్ తూటాలు 15, షార్ట్‌లైతే 20 పడతాయి. ముందు చెక్క వెనక్కి లాగితే ఖాళీ తొడుగు కుడిపక్కకి ఎగురుతుంది, ముందుకి నెడితే కొత్తది ఎక్కుతుంది. ఆ శబ్దం భలే ఉంటుంది: గడియ తీసి పెట్టినట్టు, టక్, టక్. ఇప్పటికి 300 తూటాలు కాల్చాను, ఒక్కటీ ఇరుక్కోలేదు. భుజానికి దెబ్బే తెలియదు, మా అమ్మాయి గంటసేపు కాల్చినా అలసిపోలేదు.

లోపాలూ ఉన్నాయి. అల్యూమినియం బాడీ మీద నలుపు అరిగి, చెయ్యి పట్టేచోట తెల్లగా తేలింది. గొట్టంలోకి ఒక్కొక్క తూటా జారవిడవాలి, తొందరగాళ్ళకి విసుగు. అన్నిటికన్నా ముఖ్యం, గొట్టం ఖాళీ అయిందనుకున్నా ఒక తూటా లోపల దాక్కుని ఉండొచ్చు. లోపలి కడ్డీ పూర్తిగా తీసి, నాలుగైదుసార్లు పంప్ చేసి, చేంబర్ నోటి దగ్గర చిటికెన వేలు పెట్టి తడిమి చూస్తేగానీ నేను సంచిలో పెట్టను. ఇంట్లో రైఫిల్ తాళం బీరువాలో, తూటాలు వేరే గదిలో.

పోయిన ఆదివారం రేంజ్‌లో మా అమ్మాయి 25 గజాల నుంచి కాగితం మీద అయిదు తూటాలు రూపాయి బిళ్ళంత మేరలో కొట్టింది. ఆ కాగితం ఫోటో తీసి నరసరావుపేటలో ఉన్న మా నాన్నకి పంపాను. "బెలూన్లు ఎందుకు కట్టలేదమ్మా?" అని అడిగారు. వచ్చే వారం కట్టనిస్తారేమో రేంజ్ వాళ్ళని అడుగుతాను.