బాల్య వివాహాన్ని పందిట్లో ఆపాలా, పదో తరగతి ఫలితాల దగ్గర ఆపాలా: ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లోనే మా కాలనీ. గోనెపట్టా పరుచుకుని ముచ్చికలు తీసుకునే ఆడవాళ్లే ఎక్కువ. మా మహిళా సంఘంలో కొన్నేళ్లుగా ఒకటే వాదన. చిన్నవయసులోనే తల్లులవుతున్న పిల్లల్ని కాపాడుకోవాలంటే ఉన్న పదిమందిమి ఎక్కడ నిలబడాలి? పెళ్లి సంగతి తెలియగానే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఆపించడమా, పది పూర్తయిన పిల్ల చదువు మానకుండా చూడటమా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తం మీద అది 6.8 శాతం. మన దగ్గర ఇవి ఎక్కువగా పెళ్లయ్యాక వచ్చే గర్భాలే. అందుకే మా వాదన అంతా పెళ్లి చుట్టూనే తిరుగుతుంది.

ఫోన్ చేయడంలో బలం ఉంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం కింద పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లి చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పెళ్లి ఆపమని మేజిస్ట్రేటు ముందుగానే ఆర్డరు ఇస్తే, దాన్ని కాదని చేసిన పెళ్లి చెల్లదు కూడా. కానీ ఆగిన మర్నాటి నుంచి ఆ పిల్ల సంగతేంటి? మా వీధిలో ఒక పెళ్లి పందిరి దాకా వచ్చి ఆగింది. గెలిచామనుకున్నాం. రెండు నెలలకి అమ్మమ్మ ఊరు తీసుకెళ్లి గుళ్లో తాళి కట్టించేశారు. ఏడాది తిరక్కుండా కడుపుతో పుట్టింటికొచ్చింది. కాళ్లు వాచి, పెదాలు పాలిపోయి ఉంది. ఆస్పత్రికి పోదామంటే వాళ్లమ్మ వణికిపోయింది. వయసు అడుగుతారు, కేసవుతుందని ఆ టెన్షన్. ఆరో నెల దాకా ఒక్క పరీక్ష కూడా చేయించలేదు. ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇక రెండో దారి. పది ఫలితాలు వచ్చేది ఏప్రిల్ చివర్లో. వైశాఖ ముహూర్తాలూ ఆ రోజుల్లోనే. లెక్కల్లో పోయిన పిల్లకి సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి కొద్దిరోజులే గడువు. అది దాటితే ఇంట్లో సంబంధాల మాట మొదలు. "పొద్దున్నే మేం పనికి పోతాం అక్కా, ఎదిగిన పిల్లని ఒక్కదాన్నే ఇంట్లో ఎట్టా వదిలేది?" అని ఒక తల్లి నన్నే అడిగింది. ఆమెకు చట్టం గురించి చెప్పి ఏం లాభం? పిల్ల పగలంతా ఉండటానికి ఒక చోటు చూపించాలి.

అందుకే ఫలితాల రోజే మేం జాబితా రాసుకుంటాం. తలా మూడిళ్లు పంచుకుంటాం. ఫీజు దగ్గరుండి కట్టిస్తాం, లెక్కలు చెప్పేవాళ్లని వెతుకుతాం, కాలేజీలో చేర్చేటప్పుడు తోడు వెళ్తాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం కాబట్టి ఛార్జీల సాకు పోయింది. చీకటి పడ్డాక తిరిగొచ్చే దారంటేనే ఇంకా భయం. పిల్లల్ని గుంపుగా రమ్మంటాం, స్టాపు దగ్గర ఒకరం నిలబడతాం.

చదువుకు పంపితే ప్రేమలో పడుతుందనే భయం కూడా ఉంది. దానికి మందు శరీరం గురించి, గర్భం గురించి ఆశా కార్యకర్త చేత దాపరికం లేకుండా చెప్పించడమే. తల్లులు మొదట ముఖం తిప్పుకుంటారు, తర్వాత వాళ్లే దగ్గరికి జరిగి వింటారు.

నా ఓటు రెండో దారికే. వచ్చే వారం ముహూర్తం పెట్టుకున్న పిల్లకి మాత్రం అది అక్కరకు రాదు. అప్పుడు 1098 తప్ప మరో దారి లేదు, మొహమాటపడకూడదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా బాల్య వివాహాల విషయంలో శిక్షల కన్నా ముందు నివారణ మీద దృష్టి పెట్టాలంది. మా చేతుల్లో ఉన్నదీ అదే.

లెక్కల్లో పోయిన పిల్ల ఒకతి సప్లిమెంటరీలో గట్టెక్కి ఇంటర్‌లో చేరింది. బస్సు దిగేసరికి పొద్దుపోతే మా అరుగు మీదే పుస్తకం తెరుస్తుంది. కాసేపటికి వాళ్లమ్మ పని నుంచి వచ్చి, మిరప ఘాటుకు మండుతున్న చేతులు కొంగుకు తుడుచుకుని, పిల్ల సంచీ తనే భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్తుంది.