యాభై అయిదేళ్ళ మోకాళ్ళు, ఒక పర్సనల్ ట్రైనర్: లెక్కల టీచరు రివ్యూ

నెలకి 12 క్లాసులు, 9,000 రూపాయలు. జిమ్ మెంబర్‌షిప్ దీనికి అదనం. ముందు డబ్బు సంగతి తేల్చేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక చిన్న జిమ్‌లో, ఒక లేడీ ట్రైనర్ దగ్గర ఏడాది పైనుంచి నేర్చుకుంటున్నాను. పేరు రాయొద్దంది ఆ అమ్మాయి. ఉన్నవాళ్ళకే టైము చాలట్లేదట. కాబట్టి అడ్రసు అడక్కండి. పర్సనల్ ట్రైనింగ్ పేరుతో మన దగ్గర తీసుకునే డబ్బుకి ఏం ఒరుగుతుంది, ఏం ఒరగదు అన్నది మాత్రం చెప్పగలను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజుకి అయిదారు పీరియడ్లు నిలబడే ఉంటాను. సుగర్ ఉంది. మోకాళ్ళు మెట్లు దిగేటప్పుడు గుర్తుచేస్తాయి, తామున్నామని. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరుగారు అరుగుదల మొదలైందనీ, తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందనీ అన్నారు. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తాను కదండీ అంటే, నడక మంచిదే, మానొద్దు, కానీ కండ పెరగాలంటే బరువు ఎత్తాలి అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందీ ఇదే. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల పని. మొదటి దాంట్లో నాకు ఫుల్ మార్కులు, రెండో దాంట్లో సున్నా. బీచ్ రోడ్డులో నాతో నడిచే ఆడవాళ్ళు చాలామందిది ఇదే ప్రోగ్రెస్ కార్డు.

వెతకడం మొదలెట్టగానే తెలిసింది, ట్రైనర్లు దొరకడం తేలిక, ట్రైనింగ్ దొరకడం కష్టం. మా సోషల్ మేడంగారు అప్పటికే ఒక పెద్ద జిమ్‌లో కట్టారు. చేరిన రోజే ఒక మిషన్ మీద నిలబెట్టి చీటీ ఇచ్చారట. ఒంట్లో కొవ్వు ఇంత, శరీరం వయసు ఇంత అని. ఆ మిషన్ ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి కొలుస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగామా, తక్కువ తాగామా అన్నదాన్ని బట్టి అంకెలు మారిపోతాయి. ఆ సంగతి చెప్పకుండా చీటీ చేతిలో పెట్టి, ఆవిడ మొహం పాలిపోయిన ఆ నిమిషంలోనే 36 క్లాసుల ప్యాకేజీ అమ్మేశారు. తర్వాత ట్రైనర్లు మారుతూ పోయారు. వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటి క్లాసే మళ్ళీ చెప్పాడు. గడువు దాటిన క్లాసులు గాల్లో కలిసిపోయాయి. స్టాఫ్ రూంలో ఆవిడ ఆ బిల్లు చూపిస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అందుకని నేను ట్రైనర్‌ని చూడటానికి వెళ్ళినప్పుడు కండలూ, గోడ మీది సర్టిఫికెట్లూ చూడలేదు. మా స్కూలుకి బీఈడీ పిల్లలు టీచింగ్ ప్రాక్టీసుకి వస్తే వెనక బెంచీలో కూర్చుని గమనిస్తాను కదా, అలాగే ఒక పక్కన కూర్చుని చూశాను. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే 'తప్పు, మళ్ళీ చెయ్యి' అనేవాళ్ళుంటారు. ఏ స్టెప్పులో దారి తప్పాడో వెతికి అక్కడ వేలు పెట్టేవాళ్ళుంటారు. ఈ అమ్మాయి రెండో రకం. అవతల ఒకావిడ డంబెల్ ఎత్తుతూ భుజం చెవి దాకా లాగేస్తుంటే, పన్నెండు పదమూడు అని లెక్కపెడుతూ కూర్చోకుండా ఆపేసి, సగం బరువు చేతికిచ్చి మళ్ళీ మొదలుపెట్టించింది. బరువు తగ్గించడానికి మొహమాటపడని ట్రైనర్‌ని అదే మొదటిసారి చూడటం.

తనది విజయనగరం జిల్లా, కొండవెలగాడ వైపు. ఆ ఊరు తెలియనివాళ్ళకి ఒక మాట. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఇటు పక్క శ్రీకాకుళం జిల్లాలో కరణం మల్లీశ్వరి ఉండనే ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఇన్ని ఉన్నా మన ఇళ్ళల్లో మాత్రం ఆడపిల్ల బరువు ఎత్తితే గర్భసంచి జారుతుందని ఇంకా అంటూనే ఉంటారు. బిందెలూ గ్యాస్ బండలూ ఎవరు ఎత్తుతున్నారో మరి. మా ట్రైనర్ కూడా యూనివర్సిటీ స్థాయి దాకా ఎత్తిందట. భుజం దెబ్బతిని మానేసి, సర్టిఫికెట్ కోర్సు చేసి ఇటు వచ్చింది.

మొదటి రోజు ఒక్క బరువూ ఇవ్వలేదు. ప్రశ్నలు. ఏ మాత్రలు వాడుతున్నారు, ఎప్పుడు వేసుకుంటారు, క్లాసుకి ముందు ఏం తింటారు. నేను మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. ఆ రెండో పేరు వినగానే రాసుకుంది. అది సుగర్‌ని బాగా కిందికి దించే రకం. దాని మీద ఖాళీ కడుపుతో వ్యాయామం చేస్తే చెమటలు పట్టి కళ్ళు తిరగొచ్చు. డాక్టరుగారి దగ్గర ఒక కాగితం రాయించుకు రమ్మంది. తన డెస్కులో గ్లూకోజ్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది. మెనోపాజ్ గురించీ ఎముకల గురించీ అడిగితే 'అది నాకు తెలీదు మేడం, డాక్టర్నే అడగండి' అంది. తెలీదు అనే మాట నోట్లోంచి రావడం టీచర్లకే కష్టం. ఆ రోజే డబ్బు కట్టేశాను.

ఇక పాఠం. నేలమీది వస్తువు ఎత్తడం నేర్పడానికి పొడుగాటి పీవీసీ పైపు తీసుకొచ్చింది. దాన్ని నా వీపు మీద నిలువుగా ఆనించి, ఒక చెయ్యి మెడ వెనక, ఇంకో చెయ్యి నడుం వెనక పెట్టి పట్టుకోమంది. పైపు మూడు చోట్ల తగలాలి: తల వెనక, భుజాల మధ్య, కింద తోక ఎముక దగ్గర. మోకాళ్ళు కాస్త వదులు చేసి, వెనకాల తలుపుని తుంటితో మూస్తున్నట్టు వెనక్కి జరుగుతూ వంగాలి. వంగాను. తనేమీ అనలేదు.

'ఎక్కడ వదిలింది మేడం?' అని మాత్రం అడిగింది.

'కింద.'

'అంటే నడుం గుండ్రం అయిపోనాది. లేచి మళ్ళీ.'

మళ్ళీ వంగితే ఈసారి తల దగ్గర వదిలింది. ఎదురుగా అద్దంలోకి చూడాలని గడ్డం పైకెత్తానట. 'అద్దాన్ని ఒగ్గీయండి, పైపుని వినండి' అంది. దాన్ని వింటూ వంగాను. మూడు చోట్లా తగులుతూనే ఉంది, తొడల వెనక నరం లాగింది. అప్పటిదాకా నా తప్పు ఇంకొకళ్ళు చెప్తే తెలిసేది. ఆ పైపుతో నాకే తెలుస్తోంది. బోర్డు మీద సమీకరణం రెండు వైపులా సరిపోయిందో లేదో పిల్లలచేతే చూయించమని మాకు ట్రైనింగుల్లో చెప్తారు. దాన్ని అంత శుభ్రంగా చేసి చూపించినవాళ్ళని నేనైతే చూడలేదు.

ఆ తర్వాత కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనప గుండు), ఆ తర్వాత బార్. ఇంట్లో పరీక్ష వేరే జరిగింది. బియ్యం బస్తా 26 కిలోలు. (25 కిలోల దాకా లేబుల్ వేసిన బస్తాల మీద 2022లో జీఎస్టీ పెట్టాక మిల్లులవాళ్ళు ఒక కిలో కలిపేశారు. ఆ కిలో భారం కూడా మన నడుం మీదే.) కొట్టువాడు గుమ్మంలో దించి వెళ్ళిపోతే, మావారు వచ్చేదాకా ఆగకుండా పైపు గుర్తు తెచ్చుకుని ఎత్తి వంటింట్లో పెట్టేశాను. నడుం ఏమీ అనలేదు. సాయంత్రం ఆయనొచ్చి బస్తా ఏదని వీధి గుమ్మంలో వెతుక్కున్నారు.

మోకాళ్ళ సంగతి. స్క్వాట్ అంటే నాకు గుంజీళ్ళే గుర్తొచ్చి భయమేసింది. తను ఒక బెంచీ వెనకాల పెట్టి, దాని మీద కూర్చుని లేవమంది, అంతే. బెంచీ ఎత్తు తక్కువైతే నొప్పి, దాని మీద బరువుల ప్లేటు వేసి ఎత్తు పెంచితే లేదు. నొప్పికి పదికి ఎన్ని మార్కులో ప్రతి సెట్టుకీ అడుగుతుంది. మూడు దాకా ఫరవాలేదు, నాలుగు దాటితే ఆపాలి. మర్నాడు పొద్దున్నకి మామూలుగా లేకపోయినా కిందటి రోజుది ఎక్కువైనట్టే. మార్కులు వేయడం నా వృత్తి కాబట్టి ఈ పద్ధతి వెంటనే ఒంటబట్టింది. ఇప్పుడు స్కూలు మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగుతున్నాను. అరుగుదల పోయిందని కాదు. అది పోదు.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.1 ఉండేది, ఈమధ్య 7.2 వచ్చింది. దీని ఖ్యాతి మొత్తం ట్రైనర్‌కి రాసిచ్చేయను. మధ్యలో డాక్టరుగారు మాత్రలు మార్చారు, రాత్రిపూట అన్నం నేనే సగం చేశాను. ఎవరి వాటా ఎంతో విడదీయడం కుదరదు.

తిండి విషయంలో కూడా ఊళ్ళో జిమ్‌ల గోల ఇక్కడ లేదు. డబ్బాల్లో పౌడరు అమ్మదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే ఉంది. కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అన్నది మన దేశంలో పెద్దవాళ్ళకి చెప్పే లెక్క. నా 68 కిలోలకి రోజుకి 56 గ్రాములు. రెండు గుడ్లు, పప్పు, పెరుగు, వారంలో రెండు మూడుసార్లు కానాగంత చేపలు. ఆ లెక్క నేనే వేసి తనకి చూపిస్తే 'ఇంకేటి మేడం, మీరే డైట్ చార్ట్ అమ్ముకోవచ్చు' అని నవ్వింది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. జిమ్ రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్లెక్కి వచ్చి మోకాళ్ళు బాగుచేయించుకోవాలి! ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో గడియ సరిగ్గా పడదు, చెప్పి చెప్పి విసిగిపోయాను. సాయంత్రం కుర్రాళ్ళు వచ్చాక పాటల మోతకి ట్రైనర్ మాట వినబడదు. వీటన్నిటికంటే నన్ను చికాకు పెట్టింది రూల్. రానని 12 గంటల ముందు చెప్పకపోతే క్లాసు పోయినట్టే. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ రాత్రికి రాత్రి పడితే నేనేం చేసేది? ఆ ఏప్రిల్‌లో పోయిన క్లాసులు పోయాయి, ఒక్కటీ తిరిగి ఇవ్వలేదు. తన వైపు నుంచి చూస్తే ఆ గంట ఇంకెవరికీ అమ్ముకోలేదు, నిజమే. అయినా ఏడాదికి ఒకటి రెండు మినహాయింపులు ఇవ్వచ్చు.

ఇంకొకటి, 'ముందు-తర్వాత' ఫొటో. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాను, మొహం కనబడదు అని అడిగింది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. మా పదో తరగతి పిల్లలందరూ అక్కడే ఉంటారమ్మా అంటే అప్పుడు వదిలింది. ఫోటోలు తీయించుకునే ఉద్దేశం లేనివాళ్ళు చేరిన రోజే ఆ మాట చెప్పేయడం మంచిది.

చేరాలనుకునేవాళ్ళు, ఎక్కడైనా సరే, నాలుగు క్లాసులకి మించి ముందే కట్టకండి. మీ బరువులు రాసిన పుస్తకం ట్రైనర్ దగ్గర ఉందా లేదా చూడండి. మాకు రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది, ఏ రోజు ఎంత ఎత్తానో, ఎన్ని మార్కుల నొప్పో అన్నీ అందులో ఉంటాయి. క్లాసు మధ్యలో ఫోన్ చూసే ట్రైనర్‌ని వెంటనే మార్చమనండి. జిమ్ బిల్లు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నించి 5 శాతానికి తగ్గింది, రెన్యూవల్ చేసేటప్పుడు బిల్లులో ఆ లైను చదవండి. మా జిమ్‌లో నేను అడిగాకే దించారు.

9,000 ఎప్పటికీ కట్టాలా అంటే అక్కర్లేదు. ఆరు నెలలు దాటాక తనే అంది, 'మీకు ఇంక నాతో రోజూ పనేటి లేదు మేడం'. ఇప్పుడు నెలకి నాలుగు క్లాసులు, 3,500. మిగతా రోజులు నోట్‌బుక్ చూసుకుని నేనే చేసుకుంటాను. కొత్త బరువుకి వెళ్ళేటప్పుడు మాత్రం తను పక్కన ఉంటేనే వెళ్తాను. నాలుగున్నర స్టార్లు. ఆ అర స్టారు గడియ బాగుచేశాక ఇస్తాను.