పెళ్లి పత్రిక మనమే వేసుకుంటే: పర్లాకిమిడి నుంచి నాలుగు ఊళ్లు చూసిన అనుభవం

ఆంధ్రా సరిహద్దునున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఉంటూ తెలుగులోనూ ఒడియాలోనూ పెళ్లి పత్రిక అచ్చు వేయించుకోవాలంటే నాలుగు దారులున్నాయి. ఊళ్లోనే స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. పక్కనే పాతపట్నంలో ఆర్టీసీ బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లొచ్చు. గుణుపురం నుంచి వచ్చే ప్యాసింజరెక్కి విశాఖలో దిగొచ్చు. లేదంటే మోహన, తప్తపాణి ఘాట్ మీదుగా ఒడిశాలోనే ఉన్న బరంపురం. మా చెల్లి పెళ్లికి ఈ నాలుగూ చూశాం. ఫలితం ముందే చెప్పేస్తాను: కార్డులు నాలుగైదు వందలు, భాషలు రెండు, డిజైన్ మీదే అయితే బరంపురం వెళ్లండి. వెయ్యి దాటితే విశాఖ. ఊళ్లో పని ఊళ్లోనే మిగలాలనుకుంటే అదీ మంచిదే, కానీ ఒక్క రంగుతో సరిపెట్టుకోవాలి.

డిజైన్ మనమే చేసుకోవాలని అనుకోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. రెడీమేడ్ కార్డుల పుస్తకం తిరగేస్తే అన్నీ ఒకేలా కనిపించాయి. పైగా ఒడియా పేజీ కావాలనగానే దానికి వేరే కాగితం లోపల పెట్టి ఇస్తామన్నారు. మా చుట్టాల్లో సగం మంది తెలుగు చదువుతారు, మా ఇరుగుపొరుగులో సగం మంది ఒడియా చదువుతారు. ఒకరికి అసలు కార్డూ, ఇంకొకరికి లోపలి చీటీ అంటే నాకు మనసొప్పలేదు. ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా, రెండూ సమానంగా ఉండాలి. అక్కడి నుంచి మొదలైంది పని.

ఊరు ఎంచుకునే ముందు సైజు ఎంచుకోండి. అసలు పొదుపు అక్కడుంది, బేరంలో కాదు. డిజిటల్ ప్రెస్సుల్లో మామూలుగా వాడే షీటు 13×19 అంగుళాలు. 5×7 అంగుళాల కార్డయితే, అన్నీ ఒకే దిశలో పేరిస్తే అందులో నాలుగే పడతాయి. 4×6 అయితే తొమ్మిది పడతాయి, అంచుల దాకా రంగు లేకుండా చుట్టూ తెల్లగా వదిలేస్తే చాలు. అంటే 400 కార్డులకి ఒక దాంట్లో 100 షీట్లు, ఇంకో దాంట్లో 45. రెండు వైపులా ప్రింటుకి షీటు 40 రూపాయలనుకుంటే 4,000 ఎక్కడ, 1,800 ఎక్కడ! కాగితం అదే, మిషను అదే, తేడా అంతా మీ స్కేలు దగ్గరే తేలిపోయింది. ఇంకో మాట, కవర్లు ముందు కొనుక్కోండి. కార్డు వేయించాక దానికి సరిపోయే కవరు వెతికితే కార్డు కంటే కవరుకే ఎక్కువవుతుంది.

అంచు డిజైన్ కోసం ఎక్కడికీ పోలేదు. అమ్మ పెళ్లినాటి బరంపురం పట్టుచీర తీశాం. ఆ చీరల అంచుకి గుడి గోపురాల్లాంటి వరస ఉంటుంది, దాన్ని ఒడియాలో ఫొడా కుంభ అంటారు. ఎండ తగలని చోట పగటి వెలుతురులో అంచుని నిటారుగా ఫోటో తీసి, ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేస్తే శుభ్రమైన గీతల బొమ్మ వచ్చింది. "నా చీరని కార్డు మీద పెడతావేంటి?" అంది అమ్మ. పెట్టాక మాత్రం వచ్చినవాళ్లందరికీ తనే చూపించింది.

తెలుగుకి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి: మండలి, రామభద్ర, పెద్దన, సూరన్న, ధూర్జటి. పేర్లకి మేం తీసుకున్నది గిడుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే బడిపంతులుగా పనిచేసి, సవరల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడారు. ఆయన పేరున్న అక్షరాలతో పర్లాకిమిడి పెళ్లి పత్రిక వేయడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. మిగతా విషయమంతా మండలిలో పెట్టాం, అది పెద్దవాళ్లు కళ్లజోడు సర్దుకోకుండా చదువుకునేలా ఉంటుంది. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి అక్షరం 11 పాయింట్లకి తగ్గకూడదు, వరసల మధ్య జాగా వదలాలి. ఒడియాకి నోటో సాన్స్.

ఇక ఊళ్ల సంగతి.

పర్లాకిమిడిలో స్క్రీన్ ప్రింటింగ్ పనితనం నిజంగా బాగుంది. ముదురు రంగు చేతికాగితం మీద బంగారు సిరాతో వేసి చూపించిన నమూనా డిజిటల్‌లో రాదు. మామూలు డిజిటల్ ప్రింటరులో బంగారు రంగు అంటూ విడిగా ఉండదు. నాలుగు రంగులు కలిపి వేస్తుంది కాబట్టి కంప్యూటరు స్క్రీన్ మీద మెరిసే బంగారం కాగితం మీద ఆవపిండి రంగులోకి దిగుతుంది. గరుకు కాగితం మీద టోనరు, అంటే ఆ ప్రింటరు వాడే రంగుపొడి, సరిగా పట్టదు కూడా. అయితే స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకీ వేరే స్క్రీన్ కట్టాలి, వేరేగా ఆరబెట్టాలి. మూడు రంగులంటే ఖర్చు మూడింతలకి దగ్గరవుతుంది. అందుకే కార్డు ఇక్కడ వేయించలేదు కానీ కవర్ల మీద ఒకే రంగులో చీర అంచూ, వధూవరుల పేర్లూ ఇక్కడే వేయించాం. బస ఖర్చు లేదు, ఆరేదాకా దగ్గరుండి చూసుకోవచ్చు. ఆ కవర్లకి వచ్చిన మెప్పు కార్డుకి కూడా రాలేదు.

శ్రీకాకుళం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు, లాడ్జి అక్కర్లేదు. ధరలు కూడా న్యాయంగానే ఉన్నాయి. కానీ మేం వెళ్లిన ప్రెస్సులో మా ఫైలు తెరవగానే వత్తులన్నీ విడిపోయి పక్కకి వచ్చేశాయి. చాలాచోట్ల డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో పనిచేస్తున్నారు. మనం ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, అది అక్కడ నేరుగా అతకదు. "మళ్లీ కొట్టేస్తాం లెండి, అరగంట పని" అన్నారు. కొట్టారు కూడా. కానీ పాత పత్రిక ఒకటి తెరిచి దాని మీదే పేర్లు మార్చారు. పెళ్లి విశ్వావసు నామ సంవత్సరం ఫాల్గుణంలో అయితే, ప్రూఫులో, అంటే సరిచూసుకోమని ఇచ్చే నమూనాలో, నిరుటి క్రోధి అలాగే ఉండిపోయింది. ఒడియా పేజీ సంగతి అడిగితే బొమ్మలా అతికిస్తామన్నారు, చదివి సరిచూసేవాళ్లు అక్కడ లేరు. తెలుగు ఒక్కటే కావాలంటే, వాళ్ల చేతే టైపు చేయించుకుని ప్రూఫు మాటమాటా చదువుకోగలిగితే శ్రీకాకుళం చౌకైన దారే.

ఈ వత్తుల బాధకి మందు ఒకటుంది. ఫైలు పంపే ముందు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేయాలి. ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ అని ఉంటుంది. కోరల్ వాళ్ల భాషలో కర్వ్స్ చేయడం. అలా చేసిన పీడీఎఫ్ ఏ ఊళ్లో ఏ కంప్యూటరులో తెరిచినా వత్తు కదలదు. మార్పులు చేసుకోవడానికి అసలు ఫైలు వేరేగా దాచుకోండి.

విశాఖలో డాబాగార్డెన్స్, అల్లిపురం వైపు తిరిగాం. ఎంపిక అక్కడున్నంత ఇంకెక్కడా లేదు. మిషన్లు కొత్తవి, నమూనా కాగితాలు దొంతర్లు దొంతర్లుగా పెట్టారు. కానీ ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు చేయాలి. ఆ ఖర్చు వంద కార్డులకైనా వెయ్యికైనా ఒకటే. మా 400 కార్డులకి లెక్కేస్తే డిజిటలే నయం. ఆ డిజిటల్ ధరలో మాకు దొరికిన తగ్గింపు రానుపోను చార్జీలకి కూడా చాలలేదు. ఇక బస. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూ లాడ్జిలు బోలెడున్నా, పెళ్లిళ్ల రోజుల్లో చెప్పిందే ధర. మేం దిగిన గది బరంపురం గదికి దాదాపు రెట్టింపు, కిటికీ కూడా లేదు. ప్రూఫు రేపు, కార్డులు ఎల్లుండి అన్నారంటే ఆ ఖర్చు కార్డు మీదే పడుతుంది. చీరలకో నగలకో ఎలాగూ విశాఖ వెళ్తున్నవాళ్లు మాత్రం ఈ పని కూడా అక్కడే పెట్టుకోవచ్చు. అమ్మ సింహాచలం అప్పన్న దర్శనం చేసుకుంది, ఆ ప్రయాణంలో మాకు దక్కిన లాభం అదే.

బరంపురం. బస్సు తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు మలుపులెక్కువ, పెద్దవాళ్లుంటే ముందు సీట్లు చూసుకోండి. కొత్త బస్టాండు హల్దియాపదరు వైపు, బజారుకి దూరం. అందుకే అక్కడ కాకుండా రైల్వే స్టేషను దగ్గర గది తీసుకోవడం మంచిది. మేం దిగిన లాడ్జి పాతదే, రాత్రంతా హారన్లు వినిపించాయి. కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అడగ్గానే వేడినీళ్లు బకెట్టుతో తెచ్చిచ్చారు, గిరి రోడ్డుకీ బడాబజారుకీ ఆటో సులువుగా దొరికింది. గోపాలపురం బీచి 16 కిలోమీటర్లే కదా అని అక్కడ దిగాలనుకునేవాళ్లుంటారు. సముద్రం కోసమైతే తప్పకుండా దిగండి. ప్రెస్సు పని పెట్టుకుని మాత్రం వద్దు, ప్రూఫు చూడమని ఫోను వచ్చిన ప్రతిసారీ పరిగెత్తాలి.

బరంపురం ప్రెస్సులో నాకు నచ్చింది కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి. ఒడియావాడు, తెలుగు గడగడా చదువుతాడు. తెలుగు వైపు చదివాడు, తిప్పి ఒడియా వైపు చదివాడు, చదివి ఒక ప్రశ్న వేశాడు.

"అన్నా, ముహూర్తం బుధవారం రాత్రి రెండింటికి అని తెలుగులో ఉంది. ఒడియాలో తారీఖు కూడా బుధవారానిదే వేశారు. మావాళ్లు ఏ రాత్రి రావాలి?"

పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా అదే వారం. క్యాలెండరు లెక్కలో అర్ధరాత్రి దాటితే గురువారం. మన చుట్టాలు "తెల్లవారితే గురువారం" అన్న మాట చూసి అర్థం చేసుకుంటారు. తారీఖు మాత్రమే చూసేవాళ్లు ఒక రోజు ముందో వెనకో వస్తారు. అక్కడికక్కడే రెండు వైపులా రెండు తారీఖులూ, మధ్యలో "తెల్లవారితే" అర్థం వచ్చే మాటా పెట్టించాం. భోజనాల వేళ విడిగా వేశాం. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా నేను మళ్లీ బరంపురమే వెళ్తాను.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) తీసుకున్నాం, మడత లేని కార్డు. మడత కావాలంటే ముందు క్రీజింగ్, అంటే మడత పడే చోట గీతలా నొక్కడం, చేయించాలి, లేకపోతే మడత దగ్గర టోనరు పగులుతుంది. మ్యాట్ లామినేషన్ చేస్తే బాగుంటుందన్నారు, వద్దన్నాం. దాని మీద పసుపు నిలవదు, తుడిస్తే పోతుంది, పేరు రాద్దామంటే పెన్ను జారుతుంది. లామినేషన్ లేని కార్డుకి నాలుగు మూలలా పసుపు పెట్టి చూశాం. మరీ తడిగా ఉంటే మరక లోపలికి పాకుతుంది, గట్టిగా కలిపి వేలి కొనతో అద్దితే చక్కగా పట్టింది. అందుకని మూలల్లో అక్షరాలు రాకుండా జాగా వదిలాం. ప్రూఫు కూడా అదే కాగితం మీద, అదే మిషన్లో తీయించుకోండి. మామూలు జిరాక్సు కాగితం మీద రంగు వేరేగా కనిపిస్తుంది. ఎరుపు మీద పసుప్పచ్చ అక్షరాలు స్క్రీన్ మీద ఎంత బాగున్నా, ప్రూఫులో మా పెద్దనాన్న చదవలేకపోయారు. తెల్ల కాగితం మీద ముదురు ఎరుపు అక్షరాలుగా మార్చాం.

ఒక లోపం చెప్పాలి. కటింగ్‌లో కొన్ని కార్డులు ఒక పక్కకి వంకరగా వచ్చాయి. కట్ట విప్పి చూపిస్తే మారుమాట లేకుండా మళ్లీ వేసిచ్చారు. అందుకే కౌంటరు దగ్గరే కట్టలు విప్పి చూసుకోవాలి, ఘాటెక్కాక చూసి లాభం లేదు. వచ్చేటప్పుడు బడాబజారులో అప్పడాలు, వడియాలు కొనుక్కోండి, పెళ్లికి ఎలాగూ కావాలి.

నాలుగు వందలు ఎలా సరిపోయాయని అడుగుతారేమో. పసుపు కుంకుమలతో ఇంటికి వెళ్లి పిలిచేవాళ్లకీ, దూరంగా ఉన్న పెద్దలకీ మాత్రమే అచ్చు కార్డు. స్నేహితులకీ ఆఫీసువాళ్లకీ అదే డిజైన్ వాట్సాప్‌లో, తెలుగు ఒక బొమ్మ, ఒడియా ఒక బొమ్మ, కల్యాణ మండపం లొకేషన్‌తో. అచ్చు కార్డులో లొకేషన్ క్యూఆర్ కోడు వేయాలనుకుంటే అంగుళానికి తగ్గకుండా వేసి, ప్రూఫు మీద రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి.

రాయగడ వైపు వాళ్లకి ఈ లెక్క మారుతుంది. వాళ్లకి విజయనగరానికి నేరుగా రైలుంది, బరంపురం చుట్టు తిరుగుడు. కర్వ్స్ చేసిన పీడీఎఫ్ చేతిలో ఉంటే విజయనగరంలో వేయించుకోవచ్చు. ఒడియా పేజీని మాత్రం బయల్దేరేముందే ఒడియా బాగా వచ్చిన ఇద్దరి చేత చదివించుకోండి.